కీబోర్డ్ కేస్‌లో బ్యాటరీ ఉంది సరే, అది ఎవరి కోసం?

2026 జనవరిలో సీఈఎస్ షో సమయంలో క్లిక్స్ కంపెనీ తన ‘పవర్ కీబోర్డ్’ని బయటపెట్టినప్పుడు మా గ్యాడ్జెట్ గ్రూపులో పండగే పండగ. ఫోన్ వెనక అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డ్, దాని లోపలే 2,150 ఎంఏహెచ్ బ్యాటరీ. "బ్లాక్‌బెర్రీ మళ్లీ పుట్టింది రా" అని ఒకడు, "ఇక పవర్ బ్యాంక్ మోయక్కర్లేదు" అని ఇంకొకడు. నేను మాత్రం గ్రూపులో ఏమీ రాయలేదు. నాకు అంతకు ముందు చలికాలంలో అనంతగిరి కొండల్లో గడిపిన ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, అరకు దారిలో అనంతగిరి మండలంలోని ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంగా చేస్తోంది. సొంతూరు ఘాట్ కింద ఎస్.కోట. గర్భిణుల వివరాలు, పిల్లల టీకాలు, జ్వరాల సర్వే, బీపీ, షుగర్ అన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే ఎక్కించాలి. ఏజెన్సీలో ఉద్యోగమంటే సగం నడక, సగం ఎంట్రీ అని నవ్వుతూ ఉంటుంది. ఆమె కంప్లయింట్ ఒకటే: ఫారం నింపేటప్పుడు స్క్రీన్‌లో సగం కీబోర్డే తినేస్తుంది, ఏ గడిలో ఏం కొడుతున్నానో కనపడదు. వానాకాలంలో తడి చేత్తో ముట్టుకుంటే ఒక అక్షరం కొడితే ఇంకొకటి పడుతుంది.

నేను రివ్యూలు రాసేవాణ్ణి కదా, పరిష్కారం నా దగ్గర ఉండాలి కదా. ఆన్‌లైన్‌లో ఒక కీబోర్డ్ కేస్ కొని పట్టుకెళ్లాను. బాక్స్ మీద పెద్దక్షరాలతో ‘బిల్ట్ ఇన్ బ్యాటరీ’ అని ఉంది. నేను కూడా ఆమెకి అదే గొప్పగా చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. సాయంత్రానికి వదిన ఫోన్ 8 శాతానికి వచ్చింది. ఇంకా పదకొండు పేర్లు ఎక్కించాలి.

"ఇందులో బేటరీ ఉందన్నావు కదేటి? ఎక్కించు మరి" అంది.

బాక్స్ తిరగేసి చూశాను. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ఇన్‌పుట్ 5 వోల్టులు, బ్యాటరీ 280 ఎంఏహెచ్. అవుట్‌పుట్ అన్న మాటే లేదు. అంటే ఆ బ్యాటరీ కీబోర్డ్ తాను బతకడానికి మాత్రమే. ఫోన్‌కి ఒక్క చుక్క కూడా ఇవ్వదు.

వదిన ఏమీ అనలేదు. మొబైల్ డేటా ఆపేసి ఫోన్ బ్యాగులో పెట్టేసింది. "ఈ ఎనిమిదీ రాత్రికి ఉండాల. పైన ఊళ్లో నెలలు నిండిన మనిషుంది. ఫోనొస్తే 108కి నేనే చెప్పాల" అని, మిగిలిన పదకొండు పేర్లూ నోట్‌బుక్‌లో రాసుకుంది.

తప్పు ఆ కంపెనీది ఎంతో నాదీ అంతే. బాక్స్ మీద రాసినది అబద్ధం కాదు, బ్యాటరీ నిజంగానే లోపల ఉంది. నేనే అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ బ్యాటరీ ఎవరి కోసం, అది ఫోన్‌కి ఏ దారిలో చేరుతుంది?

అక్షరాల దారి వేరు, కరెంటు దారి వేరు

మనం ‘కనెక్ట్ అవుతుంది’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం గానీ, బ్యాటరీ ఉన్న కీబోర్డ్ కేస్‌కీ ఫోన్‌కీ మధ్య నిజానికి రెండు కనెక్షన్లు ఉండాలి. ఒకటి మీరు నొక్కిన అక్షరం ఫోన్‌కి చేరే దారి. రెండోది కేస్‌లోని కరెంటు ఫోన్ బ్యాటరీకి చేరే దారి. మార్కెట్లో ఉన్న కేస్‌లలో చాలావాటికి మొదటిది మాత్రమే ఉంది. అడ్వర్టైజ్‌మెంట్‌లో మాత్రం రెండూ ఉన్నట్టే వినిపిస్తుంది.

బ్లూటూత్ తీసుకోండి. 2014లో వచ్చిన ‘టైపో’ కేస్ గుర్తుందా? అమెరికా టీవీ యాంకర్ ర్యాన్ సీక్రెస్ట్ పెట్టుబడి పెట్టినది, కీల ఆకారం మాది అంటూ బ్లాక్‌బెర్రీ కోర్టుకు లాగినది. ఐఫోన్‌కి తొడిగే ఆ కేస్ బ్లూటూత్‌తోనే పని చేసేది. దానికీ లోపల చిన్న బ్యాటరీ ఉండేది, అదీ కీబోర్డ్ కోసమే. బ్లూటూత్‌లో కీబోర్డ్ చేసే పని చాలా చిన్నది. ‘ఫలానా కీ నొక్కారు’, ‘ఫలానా కీ వదిలారు’ అని కొద్ది బైట్ల కబురు పంపుతుంది. ఫోన్ దాన్ని మామూలు కంప్యూటర్ కీబోర్డ్‌లాగే చూస్తుంది, అందుకే ప్రత్యేకంగా యాప్ అవసరం ఉండదు. ఇంత తక్కువ పనికి ఇంత చిన్న బ్యాటరీ వారాల తరబడి సరిపోతుంది. కానీ బ్లూటూత్ అంటే రేడియో. అందులో కబురు వెళ్తుంది, ఫోన్‌ని ఛార్జ్ చేసేంత కరెంటు వెళ్లదు. కేస్‌లో 280 ఎంఏహెచ్ ఉన్నా 28,000 ఉన్నా, బ్లూటూత్ ఒక్కటే ఉంటే అది ఫోన్‌కి అందని ద్రాక్షే.

ఇంకో చిరాకు కూడా ఉంది. బ్యాటరీ ఆదా చేయడానికి ఈ కీబోర్డ్‌లు కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోతాయి. మళ్లీ లేచి ఫోన్‌తో కలిసేలోపు మొదటి ఒకటి రెండు అక్షరాలు గాల్లో కలిసిపోవచ్చు. చాటింగ్‌లో అయితే నవ్వుకుంటాం. పేషెంట్ ఆధార్ నంబర్‌లో మొదటి అంకె పోతే నవ్వలేం.

రెండో రకం వైరు. క్లిక్స్ కంపెనీదే మొదటి మోడల్, 2024 జనవరిలో ఐఫోన్ 14 ప్రో, 15 ప్రో సిరీస్‌ల కోసం వచ్చినది, ఈ రకమే. కేస్ లోపల అడుగున ఒక ప్లగ్ ఉంటుంది, ఫోన్‌ని దాంట్లోకి తోస్తారు. అక్షరాలు పోర్టు ద్వారానే వెళ్తాయి. దానికి సొంత బ్యాటరీ లేదు, ఫోన్ నుంచే కొంచెం కరెంటు తీసుకుంటుంది. అప్పట్లో ఇది లోపం అని రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు అది నిజాయితీ అనిపిస్తోంది. బ్యాటరీ లేదు, లేదని చెప్పారు. పైగా బయటి ఛార్జర్ పెట్టుకోవడానికి కింద దారి వదిలారు.

ఇక 2015లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 5 కోసం తెచ్చిన కీబోర్డ్ కవర్ సంగతి చెప్తే కొత్తవాళ్లు నమ్మరు. దానికి బ్లూటూత్ లేదు, వైరు లేదు, బ్యాటరీ లేదు. స్క్రీన్ కింది సగం మీద తగిలిస్తే, కీ నొక్కినప్పుడు దాని అడుగు భాగం స్క్రీన్‌ని మన వేలిలాగే ముట్టుకునేది. కవర్ తగిలిందని ఫోన్ గుర్తుపట్టి మిగతా స్క్రీన్‌ని పైకి జరిపేది. ఛార్జింగ్ గొడవే లేని కీబోర్డ్! నాకు ఇప్పటికీ అది చాలా తెలివైన డిజైన్ అనిపిస్తుంది. కానీ ఒక్క మోడల్ కొలతకే సరిపోయేది. ఫోన్ మార్చితే కవర్ చెత్తబుట్టలోకి.

అసలు ముడి ఎక్కడుంది

అయితే వైరు ద్వారానే అక్షరాలు పంపి, అదే వైరు ద్వారా కేస్‌లోని బ్యాటరీతో ఫోన్‌ని ఛార్జ్ చేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. ఇక్కడే ముడి ఉంది, కొంచెం ఓపిగ్గా చూద్దాం.

టైప్ సి పోర్టులో సీసీ అనే చిన్న పిన్నులు ఉంటాయి. రెండు పరికరాలు కలిసిన వెంటనే ‘నువ్వు ఇచ్చేవాడివా, తీసుకునేవాడివా’ అని ఆ పిన్నుల మీదే తేల్చుకుంటాయి. మామూలు కీబోర్డ్ పెట్టామనుకోండి. కీబోర్డ్ తన వైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టుకుని ‘నేను తీసుకునేవాణ్ణి’ అంటుంది. ఫోన్ యజమాని అవుతుంది. కరెంటు ఇస్తుంది, కీబోర్డ్ చెప్పే అక్షరాలు వింటుంది. మనం ఓటీజీ అనేది ఇదే.

ఇప్పుడు బ్యాటరీ ఉన్న కేస్ పెట్టారు. అది ‘నేను ఇచ్చేవాణ్ణి’ అంటుంది. ఫోన్ వెంటనే తీసుకునే పాత్రలోకి వెళ్తుంది, ఛార్జింగ్ మొదలవుతుంది. కానీ యూఎస్‌బీ పద్ధతిలో కరెంటు ఇచ్చేవాడే మొదట యజమాని. అంటే ఫోన్ తనని తాను పెన్‌డ్రైవ్‌లాంటి పరికరం అనుకుంటుంది. కీబోర్డ్ కూడా పరికరమే. ఇద్దరూ పరికరాలే, వినే యజమాని ఎవరూ లేరు! ఛార్జింగ్ అవుతుంది, అక్షరం పడదు.

ఈ చిక్కు విప్పడానికి పవర్ డెలివరీ అనే పద్ధతిలో ఒక ఏర్పాటు ఉంది. రెండు వైపులా ఉన్న చిప్‌లు మాట్లాడుకుని, కరెంటు పాత్రనీ డేటా పాత్రనీ విడివిడిగా మార్చుకోవచ్చు. అప్పుడు ఫోన్ కరెంటు తీసుకుంటూనే యజమానిగా ఉంటుంది. హబ్‌కి ఛార్జరూ, మౌసూ కలిపి పెట్టినప్పుడు పెద్ద ఫోన్లలో జరిగేది ఇదే. కానీ కేస్‌లో ఆ చిప్ ఉండాలి, ఫోన్‌లోనూ ఆ మార్పిడి సపోర్ట్ ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఓటీజీ ఉంటుంది, ఈ పాత్ర మార్పిడి ఉంటుందన్న గ్యారంటీ లేదు. స్పెక్ షీట్‌లో ‘ఓటీజీ: ఉంది’ అని మాత్రమే రాస్తారు. అది సగం జవాబు.

మైక్రో యూఎస్‌బీ రోజుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. ఐదు పిన్నుల్లో ఒకటి ఐడీ పిన్ను. దాన్ని నేలకు కలిపితే ఫోన్ యజమాని, వదిలేస్తే పరికరం. రెండూ ఒకేసారి కావాలంటే మధ్యలో ప్రత్యేక విలువ ఉన్న రెసిస్టర్ పెట్టే ప్రమాణం కాగితం మీద ఉండేది, పాటించిన ఫోన్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలి. అందుకే ఆ కాలంలో బ్యాటరీ కేస్ అంటే బ్యాటరీ కేస్, కీబోర్డ్ కేస్ అంటే కీబోర్డ్ కేస్.

ఈ ముడిని నాకు తెలిసి బాగా విప్పినది మోటో జెడ్. 2016లో వచ్చింది, మన దగ్గర కూడా అమ్మారు. ఫోన్ వెనక 16 పిన్నులు, అయస్కాంతాలు. మాడ్ అనే పలక తగిలిస్తే డేటా, కరెంటు రెండూ ఆ పిన్నుల ద్వారానే వెళ్లేవి, ఛార్జింగ్ పోర్టు ఖాళీగానే ఉండేది. బ్యాటరీ మాడ్, స్పీకర్ మాడ్, ప్రొజెక్టర్ మాడ్ వచ్చాయి. జరిగే కీబోర్డ్ మాడ్ కోసం ఇండీగోగోలో జనం డబ్బు కూడా పెట్టారు. అది కొన్నవాళ్ల చేతికి చేరకుండానే ఆగిపోయింది. మోటో మాడ్స్ కథ కూడా కొన్నేళ్లకే ముగిసింది. పిన్నులు బయటికి కనపడితే అందం పోతుందని ఇండస్ట్రీ మొత్తం వదిలేసిన దారి అది. నాకు ఆ బాధ ఇంకా తీరలేదు.

అయస్కాంతం లెక్క

మళ్లీ పవర్ కీబోర్డ్ దగ్గరికి వద్దాం. నేను దాన్ని చేత్తో పట్టుకోలేదు, కాబట్టి ఇది రివ్యూ కాదు, కాగితం మీది స్పెక్ చూసి చెప్తున్న మాట. వాళ్లు రెండు దారుల్నీ విడగొట్టారు. అక్షరాలు బ్లూటూత్‌లో, కరెంటు మ్యాగ్‌సేఫ్, క్యూఐ2 పద్ధతిలో వైర్‌లెస్‌గా. యూఎస్‌బీ పాత్రల గొడవే లేదు. పైగా ఒక ఫోన్‌కే కట్టుబడి ఉండదు. ఆలోచన మంచిది.

కానీ వైర్‌లెస్ దారి ఎవరికి ఉంది? ఐఫోన్ 12 నుంచి పైవాటికి ఉంది. ఆండ్రాయిడ్‌లో పిక్సెల్ 10 లాంటి కొద్దివాటికి అయస్కాంతాలు లోపలే ఉన్నాయి. అరకు సంతలో పది నిమిషాలు నిలబడి జనం చేతుల్లో ఫోన్లు చూడండి. పది, పన్నెండు వేల ఫోన్లు. వాటిలో వైర్‌లెస్ ఛార్జింగ్ కాయిలే ఉండదు. అయస్కాంతం రింగ్ అతికిస్తే కీబోర్డ్ వెనక నిలబడుతుంది, అక్షరాలు కూడా పడతాయి, వెనక నుంచి కరెంటు మాత్రం ఎక్కదు. మళ్లీ మా వదిన సాయంత్రమే.

కాయిల్ ఉన్న ఫోన్‌కైనా లెక్క వేద్దాం. ఎంఏహెచ్‌లు పక్కన పెట్టండి, వాట్ అవర్లలో చూస్తేనే నిజం తెలుస్తుంది. 2,150 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 8 వాట్ అవర్లు. వైర్‌లెస్‌లో మూడో వంతు వేడిగా పోయిందనుకుంటే ఫోన్‌కి చేరేది 5 వాట్ అవర్లు, కొంచెం అటూ ఇటూ. ఇప్పటి 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 19 వాట్ అవర్ల పైమాటే. అంటే పావు వంతు ఛార్జింగ్. హైదరాబాద్ మెట్రోలో ఇంటికి వెళ్లేదాకా చాలు. కొండ మీద ఒక పూట కూడా అనుమానమే.

అనుమానం ఎందుకంటే, కొండ మీద ఫోన్ తిండి వేరు. టవర్ దూరంగా ఉంటే ఫోన్ గట్టిగా అరవాలి. పక్కనే టవర్ ఉన్న ఊళ్లో మెల్లగా గొణిగితే సరిపోయే ఎల్‌టీఈ రేడియో, లోయలో తన పూర్తి బలం, సుమారు 200 మిల్లీవాట్లు, పెట్టి అరుస్తుంది. ఆంప్లిఫయర్ తినేది దానికి ఎన్నో రెట్లు. మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది, మళ్లీ వెతుకుతుంది, మళ్లీ దొరుకుతుంది. ఒక్క కాల్ చేయకుండానే బ్యాటరీ కరిగిపోతుంది. నిజమే, పరిస్థితి మారుతోంది. 2022లో కేంద్రం సిగ్నల్ లేని ఊళ్లకు 4జీ పథకం మంజూరు చేసింది. 2023 జూన్‌లో ఏపీలో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభిస్తే ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. కానీ తూర్పు కనుమల్లో టవర్ ఒక కొండకి కనపడితే వెనక కొండకి కనపడదు. పైగా కరెంటు పోయి టవర్ బ్యాకప్ కూడా అయిపోతే ఫోన్లన్నీ ఒకేసారి ఆకలి మీద పడతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సిటీలోనే రోజుల తరబడి ఛార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న ఇల్లు వెతుక్కున్నాం.

చలి ఇంకొకటి. చింతపల్లి వైపు లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తుంది. లిథియం బ్యాటరీ చలిలో తన పూర్తి కెపాసిటీ ఇవ్వదు, సున్నా కిందకు పోతే దాన్ని ఛార్జ్ చేయడమే ప్రమాదం. వంజంగి మేఘాలు చూడటానికి వెళ్లిన టూరిస్టుల ఫోన్లు 20 శాతం దగ్గర టపీమని ఆరిపోవడం వెనక ఇదీ ఒక కారణం. ఫోన్ బ్యాటరీని జేబులో వెచ్చగా ఉంచుకోవచ్చు. వెనక అతికించిన రెండో బ్యాటరీ మాత్రం గాలికే ఉంటుంది.

అయితే కీబోర్డే వద్దా?

అలా అనడం లేదు. గ్రూపులో నా ఫ్రెండ్ ఒకడు, "ఈ కాలంలో కీలు ఎవడికి కావాలి, వాయిస్ టైపింగ్ ఉంది కదా" అన్నాడు. సబ్ సెంటర్ వరండాలో పది మంది కూర్చుని ఉండగా ఒకామె నెలసరి తేదీ పైకి చదివి ఫోన్‌కి చెప్పమనండి చూద్దాం. పైగా కువి, గదబ ఇంటిపేర్లు, గూడేల పేర్లు వాయిస్ టైపింగ్‌కి ఇచ్చి చూశాను. ఒక్కో పేరు ఒక్కో సినిమా టైటిల్ అయి వచ్చింది.

నిజంగా నొక్కే కీలు ఈ కొండల్లో పనికొస్తాయి, దానికి కారణం బ్లాక్‌బెర్రీ మీద మోజు కాదు. టచ్ స్క్రీన్ వేలిలోని విద్యుత్తుని చూసి పని చేస్తుంది. దాని మీద వాన చుక్క పడితే అదీ వేలే అనుకుంటుంది. రబ్బరు గ్లవ్స్ మందంగా ఉంటే గుర్తుపట్టదు. కీకి ఆ బాధ లేదు. స్క్రీన్ మొత్తం ఫారానికే దక్కుతుంది. ఆ కేస్‌తో ఛార్జింగ్ ఉన్నంతసేపు వదినకి పని బాగానే సాగింది, ఆ మాట ఒప్పుకోవాలి.

భాష దగ్గర మాత్రం నాకు రెండు మనసులు. ఈ కేస్‌లన్నిటి మీదా అచ్చయినవి ఇంగ్లీష్ అక్షరాలే. తెలుగు కొట్టాలంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలి. ప్రభుత్వం 1980ల్లోనే పెట్టిన ప్రమాణం అది, ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. నేర్చుకుంటే బ్రహ్మాండం, నేర్చుకున్నవాళ్లు మనలో ఎంతమంది? మనమంతా ‘ela unnav’ తరహాలో ఇంగ్లీష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించేవాళ్లం. అది చేసిపెట్టేది స్క్రీన్ మీది కీబోర్డ్ యాప్. బయటి కీబోర్డ్ తగిలించగానే ఆండ్రాయిడ్ దాన్ని దాచేస్తుంది. సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ అన్న చోటికి వెళ్లి, ఆన్ స్క్రీన్ కీబోర్డ్ కూడా చూపించు అన్న స్విచ్ వేయాలి. అప్పటికీ కొన్ని యాప్‌లు బయటి కీల నుంచి వచ్చే అక్షరాలను తెలుగులోకి మార్చవు.

ఇదే కొండల వరసలో ఇంకొంచెం ఉత్తరంగా, పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. 1936లో మంగేయ్ గొమాంగో ఆ భాషకు సొంత లిపినే కట్టారు, 2012లో అది యూనికోడ్‌లోకీ వచ్చింది. గాజు మీది కీబోర్డ్ రేపు ఒక అప్‌డేట్‌తో సవర అక్షరాలు చూపించగలదు. ప్లాస్టిక్ కీ మీద అచ్చయిన ‘క్వెర్టీ’ ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే చస్తుంది. కీబోర్డ్ కేస్‌లని ఎంత ఇష్టపడినా ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదీ. బాక్స్ ముందు భాగం చదవకండి, వెనక భాగం చదవండి. ‘ఇన్‌పుట్’ ఒక్కటే ఉంటే ఆ బ్యాటరీ కీబోర్డ్ సొంతం. ‘అవుట్‌పుట్’ అని వోల్టులూ ఆంపియర్లూ రాసి ఉంటేనే ఫోన్‌కి వాటా ఉంది. అవుట్‌పుట్ ఉంటే అది వైరా, వైర్‌లెసా అడగండి. వైర్‌లెస్ అయితే మీ ఫోన్‌లో కాయిల్ ఉందో లేదో చూసుకోండి. వైరు అయితే ఛార్జ్ అవుతూ ఉండగా టైప్ చేయొచ్చా అని షాపులోనే పెట్టి చూడండి, రిటర్న్ ఆప్షన్ లేకుండా కొనొద్దు. పాత్ర మార్పిడి గొడవ మీ ఫోన్‌తో తేలాలి గానీ యూట్యూబర్ ఫోన్‌తో కాదు.

నా ఓటు మాత్రం కలిపి అమ్మే వాటికి కాదు. సన్నటి వైర్డ్ కీబోర్డ్ ఒకటి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి. పవర్ బ్యాంక్‌లో 37 వాట్ అవర్లు ఉంటాయి, మార్పిడిలో పోయింది పోగా వైరు ద్వారా పాతిక దాకా చేరుతుంది, ఫోన్ ఒకసారి పూర్తిగా నిండి ఇంకా కొంత మిగులుతుంది. బరువు 200 గ్రాముల పైన, ధర వెయ్యి, పదిహేను వందలు. కీబోర్డ్ పాడైతే బ్యాటరీ మిగులుతుంది, రెండేళ్లకు బ్యాటరీ చచ్చిపోతే కీబోర్డ్ మిగులుతుంది. కేస్‌లో అతికించేస్తే ఏది ముందు పోయినా రెండూ చెత్తే. ఒకే వస్తువులో అన్నీ ఉండాలన్న మోజు మన గ్యాడ్జెట్ పిచ్చివాళ్లది. చేతిలో సంచీతో కొండెక్కేవాళ్లకి ఆ మోజు లేదు.

సంక్రాంతికి వదినకి ఆ రెండూ ఇచ్చాను. మొన్న ఫోన్ చేసి కీబోర్డ్ ఎలా ఉందని అడిగాను. పాత బ్లూటూత్ కేస్‌ని వాళ్లబ్బాయి టీవీకి కలిపి యూట్యూబ్‌లో పాటలు వెతుక్కుంటున్నాడట. కొత్త వైర్డ్ కీబోర్డ్ నెలాఖరు ఎంట్రీలప్పుడు బయటికి తీస్తుందట, మిగతా రోజుల్లో బీరువాలో. పవర్ బ్యాంక్ మాత్రం బ్యాగు దిగలేదు.

"అలాంటిదింకోటి తక్కువలో దొరుకుతాదేటి?" అంది. "మా ఆశా అమ్మాయిది పైన ఊరు. దాని ఫోనుకి రోజూ సాయంత్రానికి ప్రాణం పోతంది."